జాడ తీసే విద్య

స్కౌట్ అనే మాటకు అర్థం చెప్పమని బడిలో అడిగితే పిల్లలు మెడలోని స్కార్ఫు చూపిస్తారు. పాత తెలుగులో దీనికి బాలభటుడు అని రాసేవారు. ఆ మాటలో భటుడు ఉన్నాడు గానీ అసలు పని కనబడదు. స్కౌట్ అంటే వేగు. దండు కంటే ముందు నడిచి, నేల చూసి, గాలి చూసి, ఎవరు పోయారో, ఎందరు పోయారో, ఎప్పుడు పోయారో తెలుసుకొని వచ్చేవాడు. మా కోయ గూడేల్లో ఈ పనిని జాడ తీయడం అంటాం. మేక తప్పిపోతే జాడ తీస్తాం. ఎలుగు చేనులో పడితే జాడ తీస్తాం. సంతకు పోయిన మనిషి పొద్దుగూకినా రాకపోతే దివిటీ పట్టుకొని జాడ తీస్తాం. దానికొక పతకం పెట్టి భుజానికి కుట్టుకోవాలని మాత్రం మా పెద్దలకు తోచలేదు.

మేము అంటే ముగ్గురం. ములుగు, భూపాలపల్లి అడవుల దిక్కు నుంచి వచ్చి, టీటీసీ చేసి, పరకాల చుట్టుపక్కల బళ్లలో పని చేస్తున్న ఆదివాసీ పంతుళ్లం. ముగ్గురం ఒకే ఏడు స్కౌట్ మాస్టరు శిక్షణకు పోయాం. ఒకే డేరాలో పడుకున్నాం. రాస్తున్న చేయి ఒకటే అయినా ఇందులోని మాటలు మూడు గూడేలవి.

ఆ శిక్షణలో మాకు నేర్పిన సారు మంచివాడే. ముడులు నేర్పాడు. రీఫ్ నాట్, క్లోవ్ హిచ్, బోలైన్ అని పేర్లు రాయించాడు. రెండు కట్టెలను అడ్డంగా బిగించే కట్టు చూపించినప్పుడు మాలో ఒకరు, "ఇది మంచె కట్టే కట్టు కదా సార్" అన్నారు. మా ఇళ్లల్లో మోదుగ వేరు దంచి తీసిన నారతో, అడ్డాకు తీగతో కట్టేది అదే. తరువాత కొమ్మలతో, రాళ్లతో దారి గుర్తులు పెట్టడం నేర్పాడు. బాణం గుర్తు ఉంటే ఇటు రా అని, అడ్డగీతలు ఉంటే ఇటు రావద్దని. మా దగ్గర పోకూడని దారికి పచ్చికొమ్మ విరిచి అడ్డం పడేస్తారు. కొమ్మ ఎంత వాడిందో చూస్తే ముందు పోయినవాళ్లు ఎంత పొద్దున పోయారో కూడా తెలుస్తుంది. ఆ సంగతి చెబితే సారు సంతోషపడి, "ఇవన్నీ బేడెన్ పావెల్ గారు కనిపెట్టినవి, చూశారా మీ అడవి దాకా వచ్చాయి" అన్నాడు. మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రి డేరాలో చాలాసేపు నవ్వుకున్నాం. తరువాత నవ్వు ఆగింది. ఈ విద్య ఆయన దగ్గరికి ఎట్లా పోయిందో తెలుసుకోవాలి అనుకున్నాం. కొన్నేళ్లుగా దొరికిన పుస్తకమల్లా చదువుతూ వచ్చాం.

రాబర్ట్ బేడెన్ పావెల్ 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో పుట్టాడు. 1876లో గుర్రపు దండులో అధికారిగా మన దేశానికే, లక్నోకు వచ్చాడు. తరువాత ఆఫ్రికాలో చాలా ఏళ్లు పని చేశాడు. 1896లో ఇప్పటి జింబాబ్వేలో ఎండెబెలె జనం తమ నేల కోసం తెల్లవాళ్ల మీద తిరగబడ్డారు. ఇంగ్లీషువాళ్లు వాళ్లను మాటబెలె అనేవారు. మాటోపో గుట్టల్లో దాగిన ఆ జనం జాడ తీయడమే బేడెన్ పావెల్ పని. అక్కడ ఆయనకు తోడు నడిచిన అమెరికా వేగు ఫ్రెడరిక్ బర్న్‌హామ్. ఈ బర్న్‌హామ్ తన విద్యను అమెరికా ఆదివాసుల మీద జరిగిన పోరాటాల కాలంలో నేర్చుకున్నవాడు. అంటే ఒక ఖండపు ఆదివాసుల మధ్య నేర్చిన విద్య ఇంకో ఖండపు ఆదివాసుల జాడ తీయడానికి పనికొచ్చింది. ఎండెబెలెలు తనను ఇంపీసా అని పిలిచేవారని, అంటే నిద్రపోని తోడేలు అని అర్థమని బేడెన్ పావెల్ గర్వంగా రాసుకున్నాడు. గొర్రెల మందకు తోడేలు పేరు ఎట్లా వినిపిస్తుందో మనకు వేరే చెప్పనక్కర లేదు.

ఆ ఏడే ఉవిని అనే పెద్ద గాయపడి పట్టుబడ్డాడు. బేడెన్ పావెల్ సైనిక విచారణ జరిపించి అతన్ని కాల్పించాడు. పైఅధికారులు దాని మీద విచారణ పెట్టారు, తరువాత తప్పు లేదని వదిలేశారు. స్కౌట్ పాఠాల్లో ఈ పేరు రాదు. ఆ యుద్ధం నుంచి తెచ్చుకున్న కూడూ జింక కొమ్ముబూర మాత్రం వస్తుంది. మొదటి స్కౌట్ క్యాంపులో పిల్లలను పొద్దున్నే లేపింది ఆ బూర ఊదే.

ఇక మఫెకింగ్. దక్షిణాఫ్రికాలో 1899 అక్టోబరు నుంచి 1900 మే దాకా, 217 రోజులు, బోయర్లు ఆ ఊరిని ముట్టడించారు. లోపల ఉన్న సైన్యానికి పెద్ద బేడెన్ పావెల్. తెల్ల పిల్లలను కూడగట్టి కాకీ బట్టలు తొడిగి, ఊళ్లో ఉత్తరాలు అందించే పని అప్పజెప్పారు. స్కౌట్లకు ఇదే మొదటి విత్తనం అని పుస్తకాలు చెబుతాయి. వాళ్ల నాయకుడు గుడ్‌ఇయర్ అనే పదమూడేళ్ల పిల్లవాడు. సైకిల్ మీద ఉన్న అతని బొమ్మను ముట్టడి కాలంలోనే తపాలా బిళ్ల మీద వేశారు. ఆ ఊరికి ఆనుకొని బరొలాంగ్ జనం ఉండేవారు. తుపాకులు పట్టి కాపలా కాసింది వాళ్లు కూడా. రాత్రిళ్లు బోయర్ల పహరా దాటి బయటికి ఉత్తరాలు మోసుకుపోయింది నల్లవాళ్లే. అందులో దొరికి చచ్చినవాళ్లున్నారు. తిండి కొరత వచ్చినప్పుడు ముందు కడుపు మాడింది కూడా వాళ్లకే. తపాలా బిళ్ల మీదికి మాత్రం సైకిలెక్కిన పిల్లవాడే ఎక్కాడు.

ఆ ముట్టడిలో సోల్ ప్లాట్జే అనే ఇరవై మూడేళ్ల బరొలాంగ్ యువకుడు కోర్టులో దుబాసిగా ఉన్నాడు. రోజూ డైరీ రాశాడు. ఆ డైరీ 1973 దాకా అచ్చు కాలేదు. బేడెన్ పావెల్ పుస్తకం ప్రపంచమంతా తిరిగిన తరువాత అరవై అయిదేళ్లకు గానీ అదే ఊరి గురించి నల్లవాడు రాసిన మాట జనానికి అందలేదు. మన పిల్లలకు డైరీ రాయడం నేర్పే పంతుళ్లు ఈ సంగతి తప్పక చెప్పాలి. రాసి పెడితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. రాయకపోతే గుడ్‌ఇయర్ ఒక్కడే మిగులుతాడు.

ముట్టడి నాటికే బేడెన్ పావెల్ సైనికుల కోసం జాడ తీయడం గురించి చిన్న పుస్తకం రాసి ఉన్నాడు. యుద్ధంతో పేరు మోగిపోయేసరికి దాన్ని ఇంగ్లండులో పిల్లలు, పంతుళ్లు చదవసాగారు. దాంతో పిల్లల కోసమే ఒకటి తయారు చేయాలనుకున్నాడు. 1907 ఆగస్టు మొదటి వారంలో బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది పైచిలుకు పిల్లలతో క్యాంపు పెట్టాడు. అందులో ధనవంతుల పిల్లలూ ఉన్నారు, కూలీ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో ఈ ఇద్దరూ ఒక డేరాలో పడుకోవడం చిన్న విషయం కాదు. ఈ మాట మేము ఒప్పుకుంటాం. పిల్లలను నాలుగు దళాలు చేసి తోడేలు, ఎద్దు, కాకి జాతి పిట్ట, ఏటి పిట్ట పేర్లు పెట్టాడు. 1908లో 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పక్షానికొక భాగంగా వెలువడింది. పిల్లలు పెద్దల కోసం ఆగకుండా తమంతట తామే గుంపులు కట్టుకున్నారు.

అమెరికాలో ఎర్నెస్ట్ సెటన్ అనే రచయిత అంతకు ముందే, 1902లో, ఉడ్‌క్రాఫ్ట్ ఇండియన్స్ అని పిల్లల సంఘం పెట్టాడు. అక్కడి ఆదివాసుల ఆటలు, గుర్తులు, మంట చుట్టూ కూర్చునే పద్ధతి తీసుకున్నాడు. తన పుస్తకాన్ని బేడెన్ పావెల్‌కు పంపాడు కూడా. అయితే ఇక్కడ మాకు నచ్చిన మనిషి సెటన్ కాదు, చార్లెస్ ఈస్ట్‌మన్. అసలు పేరు ఒహియేసా. డకోటా ఆదివాసి. చదివి డాక్టరయ్యాడు. 1890లో వూండెడ్ నీ దగ్గర సైన్యం ఆదివాసులను ఊచకోత కోసినప్పుడు గాయపడినవాళ్లకు వైద్యం చేశాడు. ఆయనే 1914లో స్కౌట్ పిల్లల కోసం ఒక పుస్తకం రాశాడు. తన తాతల విద్యను తన పేరుతో తానే అచ్చులో పెట్టాడు. ఎవరో వచ్చి రాసుకుపోయేదాకా ఆగలేదు.

మన దేశంలో మొదటి స్కౌట్ దళం 1909లో బెంగళూరులో మొదలైంది. కెప్టెన్ బేకర్ అనే ఆయన పెట్టాడు. అయితే అది తెల్లవాళ్ల పిల్లలకు, ఆంగ్లో ఇండియన్ పిల్లలకు. మన పిల్లలను చేర్చుకోవద్దన్నారు. ఎందుకంటే జాడ తీయడం, సైగలు చేయడం, నాయకుడి మాట మీద నడవడం నేర్పితే రేపు వీళ్లు తిరగబడతారని ప్రభుత్వం భయపడింది. భయం నిజమైనదే, విద్య పదునైనదే అని దీన్ని బట్టే తెలుస్తుంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1911లో, నేరస్త తెగల చట్టాన్ని సవరించి మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. ఎరుకల వంటి తెగలు పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, వేలిముద్ర ఇవ్వాలి, పక్క ఊరికి పోవాలంటే చెప్పి పోవాలి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ చట్టం నీడలో వెలిసిందే. ఒక పిల్లవాడు రాత్రి చీకట్లో చప్పుడు లేకుండా నడిస్తే పతకం. ఇంకో పిల్లవాడు అట్లాగే నడిస్తే ఠాణా. ఆ చట్టం 1952లో పోయింది గానీ ఆ చూపు పోయిందా అని మా ఎరుకల మిత్రులను అడగండి.

మన పిల్లలకు తలుపు తెరిచినవాళ్లలో అనీ బీసెంట్ పేరు ముందు చెప్పాలి. 1917 నాటికి ఆమె, అరండేల్ కలిసి మద్రాసులో భారతీయ పిల్లల కోసం వేరుగా స్కౌట్ సంఘం నడిపారు. తెలుగు జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆ పిల్లలు టోపీకి బదులు తలపాగా చుట్టారు. ఉత్తరాన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ 1918లో సేవాసమితి స్కౌట్లను నిలబెట్టారు. జాతరల్లో తప్పిపోయినవాళ్లను చేర్చడం, నీళ్లివ్వడం వాళ్ల పని. 1921లో బేడెన్ పావెల్ వచ్చి అందరినీ ఒక గొడుగు కిందికి రమ్మన్నాడు. బీసెంట్ సంఘం కలిసింది, సేవాసమితి కలవలేదు. అదే 1921లో చీరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు కట్టాడు. బెజవాడ కాంగ్రెసు సభలో జనాన్ని అదుపు చేసింది ఆ దండే. ఆ మరుసటి ఏడు ఆగస్టులో మన్యం వీరులు అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి ఠాణా మీద పడ్డారు. రెండేళ్ల పాటు అడవిలో వాళ్ల జాడ తీయలేక సర్కారు మలబారు నుంచి, అస్సాం నుంచి దండును రప్పించింది. పిల్లలకు స్కౌట్ చరిత్ర చెప్పేటప్పుడు మేము ఈ రెండు తేదీలను బోర్డు మీద పక్కపక్కన రాస్తాం.

దక్షిణాఫ్రికాలో నల్ల పిల్లలను స్కౌట్లలో చేర్చుకోక 1922లో పాత్‌ఫైండర్స్ అని వేరే సంఘం పెట్టారు. మన దగ్గర 1937లో బేడెన్ పావెల్ భారతీయుల మానమర్యాదల గురించి అన్న మాటలు జనాన్ని నొప్పించాయి. 1938లో చాలామంది విడిపోయి హిందుస్థాన్ స్కౌట్ సంఘం పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబరు 7న అందరూ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యారు. మా పిల్లలు వేసుకునే స్కార్ఫు దానిదే.

పరకాల సంగతికి వస్తాం. ఈ ఊరు కరీంనగర్ జిల్లాలో ఉండేది, తరువాత వరంగల్ జిల్లా అయింది, వరంగల్ రూరల్ అయింది, ఇప్పుడు హనుమకొండ. ఊరు ఉన్నచోటే ఉంది, బోర్డులే మారాయి. 1947 సెప్టెంబరు 2న ఇక్కడ మూడు రంగుల జెండా ఎత్తబోయిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. దేశమంతా ఆగస్టులో జెండా ఎత్తింది, పరకాల ఎత్తబోయి నెత్తురు కారింది. అమరధామం దగ్గరికి మా స్కౌట్లను ప్రతి సెప్టెంబరులో తీసుకుపోతాం. జెండా కట్టే ముడి, విప్పే ముడి అక్కడ నేర్పితే పిల్లలు ఒక్కసారికే నేర్చుకుంటారు. ఇది మా అనుభవం.

మా దళంలో సగం మంది హాస్టల్ పిల్లలు. కోయ, నాయక్‌పోడు, లంబాడా, ఎరుకల పిల్లలు. మిగతా సగం ఊరి పిల్లలు. కిమ్ ఆట అని ఒకటుంది. కిప్లింగ్ నవల నుంచి బేడెన్ పావెల్ తీసుకున్న ఆట. పళ్లెంలో ఇరవై నాలుగు వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి, గుడ్డ కప్పి, ఏమేమి ఉన్నాయో రాయమంటారు. తాళంచెవి, పెన్ను, బొత్తాము పెట్టినంత కాలం ఊరి పిల్లలే గెలిచేవారు. ఒకసారి ఇరవై నాలుగు ఆకులు, గింజలు పెట్టాం. తునికి, ఇప్ప, మొర్రి, నల్లమద్ది, చిల్లగింజ, కరక్కాయ, తానికాయ, అట్లా. ఊరి పిల్లలు "ఆకు, ఆకు, ఇంకో ఆకు" అని రాశారు. ఏడో తరగతిలో అక్షరం కూడబలుక్కొని చదివే ఒక పిల్లగాడు ఇరవై రెండు చెప్పాడు. రాయడం చేతకాక నోటితోనే చెప్పాడు. ఆ రోజు నుంచి అతని పక్కన కూర్చోవడానికి పిల్లలు పోటీ పడ్డారు. రాయడం అతనికి నేర్పింది మేము కాదు, ఆ పక్కన కూర్చున్నవాళ్లే.

ఆ పిల్లగాడినే ఒక ర్యాలీలో వరస నుంచి పక్కకు నిలబెట్టారు. కాలికి నల్ల బూట్లు లేవని. హాస్టల్ చెప్పులు ఉన్నాయి, స్కార్ఫు ఉంది, చొక్కా ఉంది. అక్కడి పెద్దమనిషి ఒకరు, "ఫొటోలో కాళ్లు కనబడతాయి" అన్నారు. పిల్లగాడు ఏడవలేదు. చెట్టు కింద కూర్చొని మట్టిలో జాడలు గీసుకుంటూ ఉన్నాడు. మాలో ఒకరికి ఆ రోజే మనసు విరిగింది. "వాళ్ల తాతలు చెప్పుల్లేకుండా నడిచి నేర్చుకున్న విద్య ఇది. దాన్ని నేర్చుకోవడానికి వీడికి బూట్లు కావాలా? ఉవినిని చంపినవాడి బడి మనకెందుకు" అని స్కౌట్ పని మానేస్తానన్నారు. మేము రెండు నెలలు వాదించుకున్నాం. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మా ఇద్దరి మాట ఏమిటంటే, విద్య మనది, పేరు వాళ్లు పెట్టారు. పేరు ఇష్టం లేదని విద్యను వదిలితే రెండూ పోతాయి. ఇప్పటికే మా గూడేల్లో నలభై ఏళ్ల లోపు వాళ్లకు జాడ తీయడం సగం రాదు. అడవిలోకి పోతే అటవీ శాఖ ఆపుతుంది, బడికి వస్తే పాఠంలో లేదు. యూనిఫాం వేసుకొని, పేరు 'హైక్' అని పెట్టుకొని పోతే ఎవరూ ఆపడం లేదు. వింతే గానీ నిజం. మాలో మూడో ఆయన మానలేదు, బూట్ల సంగతి తేలేదాకా ర్యాలీలకు మాత్రం రానన్నారు. ఆయన మాటకు కట్టుబడి దళమంతా ఇప్పుడు చెప్పులతోనే నడుస్తోంది, ఊరి పిల్లలతో సహా.

మేడారం జాతరకు మా పిల్లలను సేవకు తీసుకుపోయినప్పుడు ఇంకొకటి చూశాం. తప్పిపోయిన ఒక కోయ ముసలమ్మను తెచ్చి కూర్చోబెట్టారు. మైకులో తెలుగులో పేరు అడుగుతున్నారు, ఆమె పలకడం లేదు. మా తొమ్మిదో తరగతి అమ్మాయి, గైడ్, పక్కన గొంతుకూర్చొని కోయ భాషలో ఏదో అడిగింది. ముసలమ్మ పకపకా నవ్వి ఊరు, గట్టు, కొడుకు పేరు అన్నీ చెప్పింది. మా జనానికి మూడో గట్టు, నాలుగో గట్టు, అట్లా ఏడు దాకా గట్టులుంటాయి. గట్టు తెలిస్తే బంధువులు ఎక్కడ దిగి ఉంటారో వెతకడం తేలిక. మైకు పట్టుకున్నాయన ఆ అమ్మాయిని అక్కడే కూర్చోమని బతిమిలాడాడు. బడిలో ఆ భాష మాట్లాడితే నవ్వుతారని భయపడే పిల్ల అది.

రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు హైక్ పెడితే పిల్లలకు పండుగే. అక్కడి రాతి చరియల మీద వేల ఏళ్ల కిందటి బొమ్మలున్నాయి. జింకలు, పులి, గుండ్రటి గుర్తులు, నలుచదరం గుర్తులు. ఇవి ఏ దళం పెట్టిన దారి గుర్తులని ఒక పిల్ల అడిగింది. స్కౌట్ గుర్తుల్లో వలయం మధ్యన చుక్క ఉంటే ఇంటికి పోయాను అని అర్థం. 1941 జనవరి 8న కెన్యాలోని న్యేరిలో చనిపోయిన బేడెన్ పావెల్ సమాధి మీద అదే చెక్కారు. అదే న్యేరి నేల బిడ్డ డెడాన్ కిమాథి అడవిలో ఉండి బ్రిటిషువాళ్లతో పోరాడాడు. 1957 ఫిబ్రవరి 18న అతన్ని ఉరి తీశారు. బేడెన్ పావెల్ నూరేళ్ల పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు. ఇది కూడా గుట్ట నీడలో కూర్చోబెట్టి పిల్లలకు చెప్పాం.

ఈ ఎండాకాలం పిల్లల తాతను ఒకరిని బతిమిలాడి జాడ పాఠానికి తీసుకొచ్చాం. పుస్తకంలో ఉన్నవి కొన్ని చెప్పాడు, లేనివి చాలా చెప్పాడు. పరుగెత్తినవాడి వేళ్లు లోతుగా దిగుతాయి. బరువు మోసినవాడి మడమ దిగుతుంది, అంగ చిన్నదవుతుంది. మంచు తడి మీద జాడ పడితే పొద్దున పోయినట్టు, జాడ మీదే మంచు పడి ఉంటే రాత్రే పోయినట్టు. జాడను అడ్డంగా కోసి పురుగు పాకిన గీత ఉంటే దానికి కొంత పొద్దు గడిచింది. ఎలుగు వెనక కాలు మనిషి కాలులాగే ఉంటుంది, గోళ్లు చూడాలి. తరువాత పిల్లలను ఒక్కొక్కరినే వంగి చూడమన్నాడు. భుజం మీద బ్యాడ్జీ ఉన్నవాళ్లు కూడా కుక్క జాడను నక్క జాడ అన్నారు. మేమూ వంగి చూశాం. పెద్దాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"గీ దుబ్బల ఏం కనబడుతది సారూ. తొలకరి పడ్డంక పోరగాండ్లను తోలుకొని రాండ్రి. వాగు ఒడ్డుకు పోదాం."

జూన్ రెండో ఆదివారం అనుకున్నాం.